గుండెపెట్టె సిస్టర్

డర్బన్ దగ్గర మొబేనిలో మా ఫ్యాక్టరీ సేఫ్టీ కమిటీ వాళ్ళు పోయిన వారం నా బల్ల మీద మూడు రంగుల కాగితాలు పెట్టి వెళ్ళారు. గోదాములో ఎవరికైనా ఉన్నట్టుండి గుండె ఆగిపోతే, డాక్టరు వచ్చేలోగా కరెంటు దెబ్బ ఇచ్చి దాన్ని మళ్ళీ కొట్టించే యంత్రం ఒకటి కొనాలట. మూడు కంపెనీల బొమ్మలు, మూడింటి కిందా ఎవరి గొప్పలు వాళ్ళవి. "మీరు కెమిస్టు కదా, మీరే చూసి ఏది మంచిదో చెప్పండి" అన్నారు. కెమిస్టుకీ గుండెకీ ఏం సంబంధమో వాళ్ళకే తెలియాలి. ఆ కాగితాలు తిరగేస్తుంటే నాకు తట్టిన మొదటి ప్రశ్న మాత్రం, "వీటిలో ఏది వంటింట్లో వినపడుతుంది?" అని. ఆ ప్రశ్న నాది కాదు. దాన్ని అడిగిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. ఆ పూట ఇంక నాకు పని సాగలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాసినా మా ఊరు వెరులంలో చాలామందికి ఎవరో తెలియదు. డర్బన్‌లో ఇండియన్లకని విడిగా పెట్టిన వార్డుల్లో జీవితమంతా నర్సుగా పని చేసి, వార్డు పెద్దగా రిటైరై వచ్చిన ఆమెను ఊరంతా సిస్టర్ అనే పిలిచేది. కట్టుకున్న భర్త కూడా సిస్టర్ అనే అనేవాడు. ఆయన మాట్లాడటమే అరుదు కాబట్టి అది కూడా ఎప్పుడో గానీ వినపడేది కాదు.

తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మనవాళ్ళూ అందరూ కలిసి ఓటు వేయడం ఈ దేశంలో ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో నేను అనకాపల్లి నుంచి ఉద్యోగానికి వచ్చాను. వెరులంలో సిస్టర్ గారింటి పెరట్లో కట్టిన ఒంటి గదిలో అద్దెకు దిగాను. సూట్‌కేసుతో గేటు దగ్గర నిలబడితే ఆమె వచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టే ఇచ్చి, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఇదేదో ఇక్కడి మర్యాద కాబోలు అనుకున్నాను.

"నాడి ఫాస్ట్ పోతంది. బయపడ్డావా? బువ్వ తిన్నావా?" అంది.

భయపడ్డానని ఒప్పుకోవడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. "తిన్నానండీ" అన్నాను.

"లై సెప్తంది పిల్ల," అని ఇంట్లోకి కేకేసింది. "ప్లేట్ పెట్టు!" లోపల నుంచి ఏ జవాబూ రాలేదు గానీ, మేం వెళ్ళేసరికి బల్ల మీద కంచం, పక్కన మంచినీళ్ళు ఉన్నాయి. అలా ఆమె భర్త అంకుల్‌తో నాకు పరిచయమైంది.

ఆమె ముత్తాతలు చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఆమె మాట్లాడేది ఇంగ్లీషే. కోపం వచ్చినా, అన్నం పెట్టినా, దేవుడికి దణ్ణం పెట్టినా మాత్రం తెలుగు బయటికి వచ్చేది. అది మా నాయనమ్మ నోట విన్న తెలుగు. క్రియలు అరిగిపోయి, నేనైనా నువ్వైనా వాళ్ళయినా చాలాసార్లు అందరికీ ఒకే తోక మిగిలింది. ఇంత దూరం వచ్చాక మా నాయనమ్మ తిట్లు మళ్ళీ వినపడటం నాకు ఎంత ధైర్యంగా ఉండేదో చెప్పలేను.

పట్టుచీర కట్టుకున్నా కింద రబ్బరు అడుగుల తెల్ల బూట్లే. హ్యాండ్‌బ్యాగులో పౌడరుడబ్బా బదులు, కట్లు కత్తిరించే వంకర మూతి కత్తెర. దాంతోనే కొత్తిమీర తరిగేది, దాంతోనే బహుమతుల మీది రిబ్బను కోసేది. ఎంత దగ్గరి వాళ్ళ పెళ్ళయినా ముందు వరసలో మధ్యన కూర్చునేది కాదు, నడవ పక్క చివరి కుర్చీయే కావాలి. అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే ఆమె జనాన్ని చూసేది, ఎవరి మొహం పాలిపోయింది, ఎవరు గుండె మీద చెయ్యి వేసుకున్నారు అని. "సిస్టర్, కాస్త పెళ్ళి చూడండి" అంటే, "పెళ్ళికి ఏటి అవుద్ది? వాళ్ళు హెల్తీ" అనేది.

మా తెలుగు సంఘానికి ఒక హాలుంది. పెళ్ళిళ్ళు, భజనలు, పెద్దల పదమూడో రోజు భోజనాలు అన్నీ అందులోనే. హాలు కమిటీకి చైర్మన్ ఒక హార్డ్‌వేర్ షాపు యజమాని, సిస్టర్‌కి వరసకు తమ్ముడు. అతని తల్లి తమిళావిడ కావడంతో సిస్టర్ చిన్నప్పటి నుంచీ అతన్ని, తమిళంలో తమ్ముడన్నట్టు, తంబీ అనేది. చాలా మంచివాడు, అంతకంటే ఎక్కువ నిష్ఠాపరుడు. పరాయి ఆడవాళ్ళకి చెయ్యి కలిపేవాడు కాదు, రెండు చేతులూ జోడించి ఎడంగా వంగేవాడు. సిస్టర్ మణికట్టు పట్టుకుంటే మాత్రం చేసేదిలేక కళ్ళు మూసుకునేవాడు.

హాలుకి గుండె యంత్రం కొనాలన్న పట్టుదల సిస్టర్‌ది. ఎందుకంత పట్టుదలో ఒక ఆదివారం బీన్స్ తరుగుతూ నాకు చెప్పింది.

"మా వొదిన ఆ హాల్లోనే పడింది. పెళ్ళి బోజనం వడ్డిస్తా వడ్డిస్తా పడింది. నేను డ్యూటీలో ఉంది."

చుట్టూ జనం మూగారట. ఒకరు విసిరారు, ఒకరు మొహాన నీళ్ళు చల్లారు, ఒకరు మూర్ఛ అనుకుని పిడికిట్లో తాళంచెవుల గుత్తి పెట్టారు. మగవాళ్ళు, పడింది ఆడమనిషి కదా అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు ఏడుస్తూ నిలబడ్డారు. ముందుగా ఒక అంబులెన్స్ వచ్చింది. అది తెల్లవాళ్ళది. డ్రైవరు గుమ్మంలోంచే చూసి, ఈమె మా మనిషి కాదు, మీ బండికి కబురు చేస్తాం అని వెనక్కి తిప్పుకుని పోయాడు. రెండోది వచ్చేసరికి ఆలస్యమైంది.

"నా వార్డుకే తెచ్చింది వాళ్ళు. గుడ్డ తీసి సూసింది నేనే. జాకెట్టు హుక్ ఒకటి కూడా ఊడనేదు, పిల్లా. ఒక్క మనిషి కూడా ముట్టనేదు ఆమెని."

బీన్స్ తరగడం ఆపి కత్తెర పక్కన పెట్టింది. "రెండు రూల్స్ సంపింది ఆమెని. ఒకటి గవర్నమెంట్ రూల్. అది పోయింది, మనం లైన్లో నిలబడి ఓటేసి పంపేసింది. రెండోది మన రూల్. దానికి ఎలక్షన్ ఎవులు పెడతాది?"

మిగిలిన బీన్స్ నేను అందుకున్నాను.

యంత్రాలు చూపించడానికి డర్బన్ నుంచి ఒక సేల్స్‌మన్ వచ్చాడు. మెడకు టై, చేతుల్లో రెండు పెట్టెలు. ఒకదానికి చిన్న తెర ఉంది, దాని మీద ఆకుపచ్చ గీత పాకుతూ ఉంటుంది, కింద బోలెడు మీటలు. రెండోది మొద్దుగా ఉంది. మూత, రెండు మీటలు, ఒక స్పీకరు, అంతే. కమిటీ మొత్తం మొదటిదాని ముందు మూగింది. "టీవీ ఉన్నది తీసుకుందాం అక్కా, హాలుకి గౌరవంగా ఉంటాది" అన్నాడు చైర్మన్. నేనూ అటే మొగ్గాను. గీతలూ అంకెలూ కనపడితే నాకు అదో నమ్మకం.

"ఆ గీత సదివేది ఎవులు?" అంది సిస్టర్.

"డాక్టర్లు ఉంటే చదువుతారు కదండీ" అన్నాను.

"డాక్టర్ ఉంటే ఈ పెట్టె ఏటికి?"

ఆమె లేచి, "కమ్, కిచెన్‌లోకి తే రెండూ. చేచా, చేచా!" అని సేల్స్‌మన్‌ని తొందరపెట్టింది. మర్నాడు ఒక పెళ్ళి ఉంది. వంటింట్లో పెద్ద గ్యాసు పొయ్యిలు బుసకొడుతున్నాయి, గుండిగల్లో గరిటెలు తిరుగుతున్నాయి, అవతల కుర్చీలు ఈడుస్తున్నారు. పాపం అతను టై భుజం మీదకి వేసుకుని, ఉల్లిపాయల బస్తా పక్కన పెట్టెలు దింపాడు. "మేడమ్, దీన్ని వంటింట్లో వాడాల్సిన పరిస్థితి ఎందుకొస్తుంది?" అని మర్యాదగానే అడిగాడు.

"మనుషులు నీ బ్రోషర్‌లో పడరు. బిర్యానీ కాడ పడతారు," అంది.

తెర ఉన్న యంత్రం ఏదో చెప్పింది. పొయ్యిల హోరులో ఒక్క ముక్క వినపడలేదు. పైగా మొదలుపెట్టడానికి ఏ మీట నొక్కాలో వెతుక్కోవాలి. మొద్దు యంత్రం మూత తీయగానే తనంతట తనే గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టింది. రొమ్ము మీద బట్టలు తీయండి, కరెంటు పంపే ప్యాడ్లు ఇలా అతికించండి, ఎవరూ ముట్టకండి. సిస్టర్ కళ్ళజోడు తీసేసి మీటను వెతికింది, దొరికింది. చేతికి నూనె రాసుకుని మూత తీసింది, వచ్చింది. గుండిగ కలుపుతున్న ఒకావిడని పిలిచి, అది చెప్పినట్టు చెయ్యమంది. ఆవిడ ఒకచోట తడబడింది, సిస్టర్ కసురుకుంది, ఆవిడ మళ్ళీ చేసింది.

ఆ తర్వాత సేల్స్‌మన్‌కి ప్రశ్నలు. ప్యాడ్ల జిగురు ఈ ఉక్కలో ఎన్నాళ్ళుంటుంది? ఎండిపోతే కొత్తవి తెచ్చేది నువ్వా, మీ బాసా? నువ్వు ఉద్యోగం మానేస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? బ్యాటరీ అయిపోయినట్టు మాకెలా తెలుస్తుంది అన్నది మాత్రం నేనడిగాను. రోజూ అదే పరీక్ష చేసుకుంటుందనీ, బాగుంటే పచ్చ దీపం వెలుగుతుందనీ అతను చూపించాడు. "గుడ్ క్వశ్చన్ అడిగింది పిల్ల" అంది సిస్టర్. ఆమె నోట మెచ్చుకోలు అంత సులభంగా రాదు. నేను చాలా రోజులు అది తల్చుకుని మురిసిపోయాను.

మొద్దు యంత్రమే వచ్చింది. దాని పట్టీకి తన వంకర కత్తెర తాడుతో కట్టేసి, తనకి ఇంకోటి కొనుక్కుంది. హాల్లో అందరూ దాన్ని గుండెపెట్టె అనడం మొదలుపెట్టారు.

కొనడంతో అయిపోలేదు, అసలు యుద్ధం తర్వాత వచ్చింది. నేర్పడానికి వచ్చినాయన ఒక రబ్బరు బొమ్మ తెచ్చాడు. తల, మొండెం, నున్నటి మగ ఛాతీ. మగవాళ్ళందరూ వరసగా మోకాళ్ళ మీద కూర్చుని దాని గుండె మీద ఉత్సాహంగా నొక్కారు, ఒకర్నొకరు ఆటపట్టించుకున్నారు. చైర్మన్ అందరికంటే బాగా చేశాడు. సిస్టర్ అంతా చూసి, ఆ బొమ్మని వారం పాటు ఉంచి వెళ్ళమని అడిగింది.

మరుసటి శనివారం మమ్మల్ని మళ్ళీ పిలిచింది. బొమ్మ నేల మీద ఉంది. దానికి సిస్టర్ తన పాత చీర కట్టింది. హుక్కులన్నీ పెట్టిన జాకెట్టు, భుజం దగ్గర పిన్నీసు, మెడలో పసుపుతాడు. నుదుట బొట్టు కూడా పెట్టింది. అప్పటిదాకా నవ్వుతూ వచ్చినవాళ్ళంతా చప్పున ఆగిపోయారు. చైర్మన్ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"తంబీ, ఈమె పడింది. ఊపిరి నేదు. రా."

అతను కదల్లేదు. "ఆడోళ్ళని సెయ్యమను అక్కా."

"ఆడోళ్ళు నేరు. నువ్వే ఉంది."

"జాకెట్టు..."

"కత్తిరించు."

"అందరి ముందా? నో అక్కా. రేపు ఆమె బతికితే నా మొగం ఎట్టా సూత్తాది? ఆమె మొగుడు నన్నేటి అంటాడు?"

"బతికితే అంటాడు. బతకనీ ముందు," అంది. అతను తల దించుకున్నాడే గానీ ముందుకు రాలేదు. ఇంతలో వెనక నుంచి ఒక పెద్దావిడ, భర్త బతికుండగా తాళి తీయకూడదు కదా సిస్టర్, మరి దాన్నేం చేస్తారు అని అడిగింది. అవును అవును అని చాలా గొంతులు లేచాయి. ఆ ఒక్క సందేహం మీద అందరూ హాయిగా ఇళ్ళకి వెళ్ళిపోయేలా ఉన్నారు.

సిస్టర్ తన కొంగు కిందినుంచి తాళి పైకి లాగి, అందరూ చూస్తుండగా భుజం మీంచి వీపు మీదకి విసిరేసుకుంది. "తియ్యక్కర్నేదు, తెంపక్కర్నేదు. ప్యాడ్ కింద గోల్డ్ ఉండకూడదు, అంతే. ఇట్టా జరుపు. సూడండి, మా ముసలాయన బయట కార్లో రేడియో ఇంటన్నాడు. ఏటీ కానేదు ఆయనకి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. సిస్టర్ మాత్రం నవ్వలేదు. చైర్మన్ వైపు కాసేపు చూసి, సామాన్ల గదిలోకి వెళ్ళి ఒక గుడ్డ పట్టుకొచ్చింది. అది పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర.

"నీకు సిగ్గు ఉంటాది తంబీ. ఆమెకీ ఉంటాది. అది తప్పు కాదు," అంది. ఆ గొంతు అంత మెత్తగా నేనెప్పుడూ వినలేదు. "ఆడోళ్ళు దీన్ని సుట్టూ పట్టుకోండి. అందరూ బయటికి తిరిగి నిలబడండి. లోపల ఏటుందో సూసేది వాడొక్కడే. వాడు సూసేది మనిషిని కాదు, రెండు ప్యాడ్లు ఎక్కడ పెట్టాలో ఆ సోటు సూస్తాది. తంబీ, లోపలికి పో."

మేం తెర పట్టుకుని బయటికి తిరిగి నిలబడ్డాం. చాలాసేపటికి గుడ్డ తెగుతున్న చప్పుడు వినపడింది. ఆమె పాత జాకెట్టు అది. చైర్మన్ బయటికి వచ్చినప్పుడు చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. సిస్టర్ అతని మణికట్టు పట్టుకుంది. ఈసారి అతను కళ్ళు మూసుకోలేదు.

ఆ ఏడాదే నిజంగా అవసరం పడింది. ఒక పెళ్ళిలో, తలంబ్రాలు అయ్యాక, పెళ్ళికూతురి మేనత్త చేతులు కడుక్కునే పంపుల దగ్గర కుప్పకూలిపోయింది. జనం పాత అలవాటు పోనిచ్చుకోలేదు. మేం చేరేసరికి ఆమె మొహం మీద, మెడ మీద నీళ్ళు కారుతున్నాయి, పిడికిట్లో ఎవరివో కారు తాళాలున్నాయి. సిస్టర్ మోకాళ్ళు అప్పటికే బాగాలేవు. కిందికి వంగలేక నిలబడే అరిచింది. "నీళ్ళు ఆపండి! తుడవండి ఆమెని, పొడిగా ఉండాల! ఆ తాళాలు తియ్యండి సచ్చినోళ్ళారా! తంబీ, పెట్టె!"

చైర్మన్ పరుగున తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు మండపంలోంచి అడ్డుతెర లాక్కొచ్చారు. ఒక మూల నేను పట్టుకున్నాను. బయటికి తిరిగి ఉన్నాను కాబట్టి లోపల జరిగింది నేను చూడలేదు. నాకు కనపడింది పడిపోయినామె భర్త ఒక్కడే. చేతిలో అరిటాకు ముక్క పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు. నా వెనక యంత్రం గొంతు వినపడుతోంది. కత్తెర చప్పుడు. ఎవరూ ముట్టకండి అంది యంత్రం. కరెంటు దెబ్బ పడింది అంది. తర్వాత చైర్మన్ లెక్క పెడుతూ నొక్కడం, మధ్యలో ఏడుస్తున్నట్టు ఊపిరి పీల్చడం, మళ్ళీ లెక్క. నా మూల తెర కిందికి జారుతుంటే పక్కావిడ మోచేత్తో పొడిచి సరిగ్గా పట్టుకోమంది.

"అక్కా! ఊపిరి! ఊపిరి వత్తంది అక్కా!"

ఆ భర్త చేతిలోంచి ఆకు జారిపోయింది. నేను నిలబడ్డచోటే ఏడ్చేశాను. కొంతసేపటికి అంబులెన్స్ వచ్చింది. ఎవరి మనిషి అని వాళ్ళు అడగలేదు. స్ట్రెచర్ దింపి ఎత్తుకుని వెళ్ళారు. ఆమె బతికి, మళ్ళీ తన ఇంట్లో తన పొయ్యి దగ్గరికి నడిచి వెళ్ళింది. భర్త వచ్చి చైర్మన్‌ని కావలించుకున్నాడే గానీ ఏమీ అనలేదు.

ఇక ఆ పెట్టెకి పట్టిన వైభోగం చెప్పనక్కర్లేదు. దసరాకి దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. అక్కడితో ఆగక, పోతుందేమోనని భయపడి, దేవుడి నగలుండే బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి పూజారి దగ్గర, పూజారి ఎక్కడో దూరాన ఉమ్‌కోమాస్‌లో కూతురింట్లో. ఇది తెలిసి సిస్టర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. పెట్టె మళ్ళీ వంటింటి గుమ్మం పక్కన గోడ మీదికి వచ్చింది.

చైర్మన్ మాత్రం కొత్త మనిషైపోయాడు. ఊళ్ళో ఎవరు నేర్చుకుంటామన్నా షాపు వదిలేసి వెళ్ళేవాడు. బడిపిల్లలకి, టాక్సీ డ్రైవర్లకి, భజన ఆడవాళ్ళకి, అందరికీ మోకాళ్ళ మీద కూర్చుని చూపించేవాడు. చివర్లో తప్పకుండా ఒక మాట అనేవాడు. "సేతులు కట్టుకోని నిలబడొద్దు. అది మా అక్క రూల్."

తర్వాత కొన్నేళ్ళకి సిస్టర్ పాదాలు వాయడం మొదలైంది. ముందు తెల్లబూట్లు పట్టలేదు. తర్వాత పడుకుంటే ఊపిరాడక, దిండ్లకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. వంటింట్లోంచి నా గదిదాకా నడిచి వచ్చి, మాట్లాడలేక, నా మంచం మీద కూర్చుని తన మణికట్టు తనే పట్టుకునేది. ఆసుపత్రికి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం అయ్యాక, ఒకరోజు మధ్యాహ్నం అంకుల్‌నీ, నన్నూ, చైర్మన్‌నీ మంచం దగ్గరికి పిలిచింది.

"నేను ఆగిపోతే ఆ పెట్టె నా కాడికి తేవద్దు. నేను డాక్టర్‌తో మాట్లాడింది. ఆయనా ఎస్ అంది."

చైర్మన్ మొహం మాడిపోయింది. "అట్టా అనకు అక్కా."

"ఇను తంబీ. ఉన్నట్టుండి ఆగిన గుండెకి ఆ పెట్టె. బండి బాగుంటాది, దారిలో ఆగిపోతాది, ఒక తోపు తోస్తే మళ్ళీ పోతాది. నాది ఆగనేదు, అరిగిపోయింది. లేపితే మళ్ళీ ఈ దిండ్ల మీదకే తెస్తావు నువ్వు. ఊపిరాడక ఇంకోసారి మునగమంటావా నన్ను?"

"నువ్వే నేర్పింది," అన్నాడు అతను.

"ఆ. ఇదీ నేర్సుకో."

అతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత రోజూ వచ్చేవాడు, బొప్పాయిపండు తెచ్చేవాడు, షాపు కబుర్లు చెప్పేవాడు. ఆమె ఆ మాట ఎత్తబోతే గడియారం చూసుకుని లేచేవాడు. అతనికి చెప్పగలిగింది ఆమె చెప్పింది, అతను వినలేదు. ఆమెకి మిగిలిన బెంగ అదొక్కటే. "నా రూల్ వాడికి రక్తంలోకి పోయింది. ఇప్పుడు తియ్యడం నాకు సేతకావడం నేదు" అంది నాతో. అంది గానీ, ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉందని నాకనిపించింది.

ఒక ఆదివారం పొద్దున, నేను ఆమెకి జావ తీసుకెళ్ళేసరికి అంకుల్ మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు. ఆమె ఊపిరి ఎక్కడో దూరంగా ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి వస్తోంది. నేను డాక్టరుకి ఫోన్ చేశాను. వరసకు తమ్ముడు కాబట్టి చైర్మన్‌కీ చేశాను, రమ్మని మాత్రమే చెప్పాను. నేను తిరిగి వచ్చాక ఇంకొక ఊపిరి కోసం ఇద్దరం ఎదురుచూశాం. అది రాలేదు.

వాకిట్లో కారు ఆగిన చప్పుడు, తలుపు వేయకుండా పరుగు. చైర్మన్ హాల్లో పూజ మధ్యలోంచి పంచెతోనే వచ్చాడు. చేతిలో గుండెపెట్టె. నన్ను తోసుకుని లోపలికి వచ్చి, మంచం పక్కన మోకాళ్ళ మీద పడి మూత తెరిచాడు. యంత్రం ఎప్పటిలాగే గట్టిగా, తొణక్కుండా మాట్లాడటం మొదలుపెట్టింది. రొమ్ము మీద బట్టలు తీయండి అంది. అతని చెయ్యి కత్తెర మీదకి వెళ్ళింది.

"వద్దండీ" అన్నాను.

అంకుల్ ఆమె చేతిని మెల్లిగా పక్క మీద పెట్టి, వంగి, మూత మూసేశాడు. యంత్రం మాట మధ్యలో ఆగిపోయింది.

"లేట్ అవుతాది బావా! ప్రతి సెకండూ లేట్! సేతులు కట్టుకోని నిలబడొద్దని అక్కే సెప్పింది నాకు! అక్కే సెప్పింది!"

"ఆఖరి రూల్ కూడా ఆమే చెప్పింది, తంబీ" అన్నాడు అంకుల్. ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి నేను వినడం అదే మొదలు.

చైర్మన్ మూత మీదున్న అంకుల్ చేతినీ, సిస్టర్ మొహాన్నీ చూశాడు. కత్తెర వదిలేశాడు. రెండు అరచేతులూ తెరిచి, వాటిని తన ముందు పెట్టుకుని చూసుకున్నాడు. అంత పెద్ద మనిషి, నలుగురికి నేర్పినవాడు, ఏమీ తెలియనివాడిలా అడిగాడు.

"అయితే ఈ సేతుల్తో నేనేటి సెయ్యాల ఇప్పుడు?"

అంకుల్ దుప్పటి అంచు కాస్త పైకి తీశాడు. "కాళ్ళు పట్టుకో. చల్లబడతన్నాయి" అన్నాడు.

అతను మోకాళ్ళ మీదే మంచం చివరికి జరిగి, ఆమె వాచిన పాదాలు రెండూ అరచేతుల్లోకి తీసుకున్నాడు. డాక్టరు వచ్చి, చూసి, చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయాక కూడా వదల్లేదు.